గోడకుర్చీ

మా ఆడపడుచు విజయవాడలో ఏపీ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూఢిల్లీలో దిగింది. అక్కణ్ణించి గ్రేటర్ నోయిడాలో మా ఇంటికి చేరేసరికి చీకటి పడింది. కాళ్ళు కడుక్కుని సంచులు విప్పింది. సున్నుండలు, కంద, మునక్కాడలు, మా చిన్నదానికి గాజులు ఒక్కొక్కటే బయటికొచ్చాయి. మా ఆయన అడుగు సంచి దాకా చూసి, "అక్కా, జాడీ ఏదీ?" అన్నారు.

"తేలేదు" అంది వదిన. జాడీ ఉండాల్సిన చోటు నుంచి ఒక అట్టపెట్టె తీసి బల్ల మీద పెట్టింది. బీపీ మిషను.

ఫోన్లో ఊదింది నేనే. దసరా వెళ్ళాక మా ఆయన ఫ్యాక్టరీలో ఆరోగ్య శిబిరం పెట్టారు. ఈయనకి 144/92 వచ్చింది. డాక్టరుకు చూపించుకోమని చీటీ రాసిస్తే దాన్ని చొక్కా జేబులో మడిచి పెట్టుకున్నారు. చొక్కాతో పాటు వాషింగ్ మిషన్లోకి పోబోతుంటే నా చేతికి దొరికింది.

ఈయనకి 49. ఈకోటెక్‌లో ఉద్యోగం, క్వాలిటీ విభాగం. వదినకి 63. మా వైపు జిల్లా ఆసుపత్రిలో స్టాఫ్ నర్సుగా చేసి రిటైరైంది. ఒకరి వృత్తి కొలతని అనుమానించడం, ఇంకొకరి వృత్తి కొలత చూడగానే పరిగెత్తడం. మేముండేది బీటా-1 సెక్టర్లో. ఇక్కడ ఆల్ఫా, బీటా, గామా అంటే కాలనీల పేర్లు. వదినకి మాత్రం అవి వార్డు మాటలు. "గుండె మీద ఉండే గ్రాహకాల్ని బీటా-1 అంటార్రా, వాటిని అదుపు చెయ్యడానికే కొన్ని బీపీ మందులు. అడ్రసు బానే కుదిరింది నీకు" అని వచ్చిన పూటే నవ్వింది. ఆ పది రోజుల్లో ఆవిడ నవ్విన సందర్భాలు తక్కువ.

యుద్ధం కాఫీతో మొదలైంది.

"అదేం కొలతక్కా? మా షాపులో అయితే ఆ గేజి తీసి పక్కన పడేస్తాం" అన్నారు ఈయన. "రెండంతస్తులు మెట్లెక్కి వెళ్ళా. వెళ్ళినవాణ్ణి వెళ్ళినట్టు వరసలో నిలబెట్టారు. కూచుంటే వీపు ఆనడానికి స్టూలుకి వెనక ఏమీ లేదు. చొక్కా మీదే పట్టీ చుట్టాడు. నా దండచెయ్యి లావు, వాడి పట్టీ చిన్నది. పైగా గాలి కొడుతూ 'మీది ఏ డిపార్ట్‌మెంటు సర్' అని కబుర్లు. తప్పులు నువ్వే లెక్కపెట్టు."

వదిన నిజంగానే వేళ్ళు మడిచింది. "ఆరు. ఆరూ అంకెని పెంచే తప్పులే."

నేను పోట్లాట కోసం చెవులు రిక్కించి కూచున్నా. ఆవిడ ఒప్పేసుకుంది!

"అందుకే మిషను తెచ్చా. ఒక్క రీడింగు పట్టుకుని ఎవర్నీ రోగి అనకూడదు, ఎవర్నీ వదిలెయ్యనూ కూడదు. వారం చూద్దాం. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో ఒక్క నిమిషం ఆగి. అంతకు ముందు అరగంట కాఫీ లేదు. బాత్రూముకి వెళ్ళొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేల మీద పెట్టి, కాలు మీద కాలు వెయ్యకుండా అయిదు నిమిషాలు ఊరికే కూచోవాలి. చెయ్యి బల్ల మీద, పట్టీ గుండె ఎత్తులో. మొదటి రోజువి తీసేసి మిగతావాటి సగటు. ఇంట్లో సగటు 135/85 దాటితే అప్పుడు ఒప్పుకుంటావా?"

"ఆసుపత్రిలో 140/90 అంటారుగా?"

"ఇంట్లో మనిషి నింపాదిగా ఉంటాడు. అందుకే గీత కూడా కాస్త కిందికి గీశారు. ఇంకో మాట. చూసుకునేటప్పుడు నోరు మెదపకూడదు."

అది ఈయనకి అన్నిటికంటే పెద్ద శిక్ష.

మిషను బిర్రుగా పట్టుకుని వదులుతుంటే వదిన దాన్ని కొంచెం చిన్నచూపు చూస్తోందని నాకనిపించింది. ఆవిడ చెవి పాదరసం రోజులది. పట్టీ బిగించి వదిలితే పాదరసం దిగుతుంటుంది, స్టెతస్కోపులో 'టప్' మని మొదటి చప్పుడు వినపడ్డచోట పై అంకె, చప్పుడు ఆగిపోయినచోట కింది అంకె. ఆ పట్టీని ఇటలీ వైద్యుడు రీవా-రోచీ 1896లో చేశాడు. చప్పుళ్ళ సంగతి కొరోట్‌కాఫ్ అనే రష్యన్ సర్జన్ 1905లో చెప్పాడు. వదినకి ఈ పేర్లు నర్సింగు పరీక్షల నాటి నుంచి నోటికొచ్చు. ఈయనకి అప్పుడే తెలిసి ముచ్చటపడ్డారు. కంప్యూటర్లో పట్టిక గీసి, రీడింగు పక్కన గది చలి ఎంతో కూడా రాయడం మొదలెట్టారు.

రెండో రోజు రాత్రి అసలు తగాదా వచ్చింది.

"అక్కా, ఈ గీతలెవరు గీస్తారో చూశావా? 2017 నవంబరులో అమెరికా వాళ్ళు గీతని 140/90 నుంచి 130/80కి దించారు. అంతకు ముందు అక్కడి పెద్దవాళ్ళలో నూటికి 32 మందికి బీపీ. మర్నాటికి 46 మందికి! రాత్రి మామూలుగా పడుకున్నవాళ్ళు తెల్లారి లేచేసరికి రోగులు. మా దగ్గర ఎవడైనా స్పెసిఫికేషను ఇలా మారిస్తే ఆడిట్లో ఉతికేస్తారు."

"గీత మారిందిరా. రక్తనాళం మారలేదుగా? పది లక్షల మంది లెక్కలు కలిపి 2002లో వేశారు. 115/75 నుంచి పైకి, నీ వయసు వాళ్ళలో, పై అంకె ప్రతి 20 పెరిగేసరికి గుండె, మెదడు జబ్బులతో చనిపోయే ముప్పు రెండింతలవుతోంది. ఎక్కడా మెట్టు లేదు, నున్నటి ఏటవాలు. ఆ వాలులో ఎక్కడ గీత గీసినా అది మనిషి గీసిందే. నేనెప్పుడు కాదన్నా?"

"మరి స్వల్పంగా ఉన్నవాళ్ళకి మందు వల్ల ఒరిగేదేమిటి? 140 నుంచి 159 మధ్య ఉండి, గుండె జబ్బు లేనివాళ్ళు 8,912 మందిని మందు వాడినవాళ్ళు, వాడనివాళ్ళు అని పోల్చిన పరీక్షలన్నీ కలిపి 2012లో కాక్రేన్ వాళ్ళు చూశారు. చావులు గానీ పక్షవాతాలు గానీ తగ్గాయని తేలలేదు. నూటికి 9 మంది పడక మానేశారు. ఇది నా మాట కాదు."

వదిన కాసేపు మాట్లాడలేదు. ఇక్కడ ఈయన పక్షమే న్యాయమని నాకూ అనిపించింది.

"ఎన్నేళ్ళు చూశార్రా అందులో?"

"నాలుగైదేళ్ళు."

"నీకు నాలుగైదేళ్ళు చాలా? చిన్నది ఇంకా ఎనిమిదో క్లాసు."

ఆ దెబ్బ తగలాల్సినచోటే తగిలింది. అయినా ఈయన తగ్గలేదు. "ఇదంతా పట్నం రోగం అక్కా. ఊళ్ళో పొలం పని చేసేవాళ్ళకి ఇవన్నీ ఎక్కడివి?"

"ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్ళలో చావుల్ని ఒక్కొక్కటే వెళ్ళి అడిగి రాసుకున్నారు, ఇరవయ్యేళ్ళ కిందటే. నూటికి 32 గుండె, రక్తనాళాల జబ్బులతోనే. పురుగు కుట్టి పోయారు, జ్వరమొచ్చి పోయారు అనుకునే కాలం ఎప్పుడో పోయింది. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వేలో చూడు, తెలంగాణ మగాళ్ళలో నూటికి 31 మందికి బీపీ, ఆంధ్రాలో 29. మీ ఉత్తరప్రదేశ్‌లో 22. ఇక్కడి వాళ్ళకంటే మనమే ముందున్నాం. 52 దేశాల్లో గుండెపోటు వచ్చినవాళ్ళని పోలిస్తే మన ఉపఖండం వాళ్ళకి మొదటి పోటు సుమారు 53 ఏళ్ళకి, మిగతా లోకానికి 59కి. నీకెన్ని?"

"49" అన్నాను నేను, ఎవరూ అడక్కుండానే.

మామగారి మాట మూడో రోజు దాకా ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోవడమే వింత. ఆయన 61వ ఏట, ఒక వేసవి ఉదయం పళ్ళు తోముకుంటూ నూతి గట్టు మీద ఒరిగిపోయారు. ఎడమవైపు పడిపోయింది. ఆ తరవాత నాలుగేళ్ళు మంచంలో ఉన్నారు.

"నాన్నకి 160 ఉందని ఉత్తరం రాశావు నువ్వు. గుర్తుందా?" అంది వదిన. "ఊళ్ళో వైద్యం చేసే ఆయన చూశాడని, 'వయసుకి వంద కలుపు, సరిగ్గా సరిపోయింది' అన్నాడని రాశావు. చదివి నేనూ సరేననుకున్నా. రోజుకి నలభై మందికి బీపీ చూసేదాన్ని. పండక్కి వచ్చి కూడా నాన్న చేతికి పట్టీ చుట్టలేదు."

ఈయన పట్టికలోంచి తలెత్తలేదు.

వయసుకి వంద కలపడం ఒక్క మా ఊరి వైద్యుడి నమ్మకం కాదు. అమెరికా అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ రక్తపోటు 1944లోనే 186/108. ఆయన ఆరోగ్యం ఆ వయసుకి తగ్గట్టుగానే ఉందని సొంత వైద్యుడు లోకానికి చెబుతూ వచ్చాడు. 1945 ఏప్రిల్ 12న మెదడులో నరం చిట్లి పోయిన రోజు 300/190. మూడేళ్ళకి, 1948లో, ఫ్రేమింగ్‌హామ్ అనే ఊళ్ళో వేల మందిని ఏళ్ళ తరబడి గమనించడం మొదలుపెట్టాక గానీ ఆ కూడిక తప్పని గట్టిగా తేలలేదు. ఆ ఫలితం మా మామగారి ఊరు చేరడానికి ఇంకో యాభై ఏళ్ళు చాల్లేదు.

"నాన్న వేరు, నేను వేరు" అన్నారు ఈయన చివరికి. "నాన్న చుట్ట తాగేవారు. నాకా అలవాటు లేదు."

"నువ్వు చుట్ట తాగవు. మోకాలికని వారానికి నాలుగు డైక్లోఫెనాక్ మింగుతావు. స్ట్రిప్పు నీ సంచిలో చూశా. నొప్పి మాత్రలు బీపీని పెంచుతాయి. డాక్టరుకి చెప్పి అవి మార్పించుకో ముందు."

ఆ సంగతి నాకూ తెలీదు. మోకాలికి నూనె రాస్తున్నారనే అనుకున్నా.

ఇక ఉప్పు. ఇది నా వంటింటి మీదికి వచ్చింది కాబట్టి నేనూ కత్తి పట్టక తప్పలేదు.

వదిన వాదన లెక్కలో ఉంది. మా అత్తగారు పెట్టే పద్ధతిలో పది కిలోల ఆవకాయలో కిలో ఉప్పు. రెండు పూటలా పెద్ద చెంచాడు చొప్పున రోజుకి 40 గ్రాముల ఊరగాయ వేసుకుంటే 4 గ్రాముల ఉప్పు. ప్రపంచ ఆరోగ్య సంస్థ మనిషికి రోజు మొత్తానికి చెప్పింది 5 గ్రాముల లోపు. "మిగిలిన గ్రాములో పప్పు, కూర, చారు, మజ్జిగ, అప్పడం, చల్లమిరపకాయ అన్నీ సర్దుకోవాలి. సర్దుకుంటాయా అమ్మాయ్?"

"అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందిట ఉప్పు" అన్నారు ఈయన. "దేశంలో ఈ మూల కూచుని రోజూ రొట్టెలు నములుతున్నా. నాకు మన ఊరంటే మిగిలింది ఆ జాడీ ఒక్కటే. దాన్ని కూడా గ్రాముల్లో తూస్తావా?"

వదిన దగ్గర దీనికి జవాబు లేదు. నా దగ్గరా లేదు. ఇరవయ్యేళ్ళుగా నవంబరు చలిలో వేడన్నంలో ఆవకాయ కలిపి, మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకునే మనిషిని చూస్తున్నదాన్ని నేను. ఆ ముద్దని సోడియం అనడానికి నాకు నోరు రాలేదు.

బేరం నేనే కుదిర్చాను. ఊరగాయ ఆదివారం మధ్యాహ్నం, చిన్న చెంచాతో ఒకటే. మిగతా రోజుల్లో అప్పటికప్పుడు చేసే పచ్చళ్ళు, పులుపూ కారం హెచ్చుగా, ఉప్పు సగం. గోంగూర ఇక్కడ దొరకదు. పాలకూర, మెంతి ఆకు, కొత్తిమీర చలికాలమంతా కట్టలు కట్టలు. ఆకుకూరల్లో, కొబ్బరినీళ్ళలో, అరటిపండులో ఉండే పొటాషియం ఉప్పుకి విరుగుడులా పనిచేస్తుందని వదిన చెప్పింది. చైనాలో 600 ఊళ్ళలో మామూలు ఉప్పు బదులు పొటాషియం కలిపిన ఉప్పు ఇచ్చి చూశారట. పక్షవాతాలు నూటికి 14 వంతులు తగ్గాయని 2021లో తేలింది. తెప్పించనా అంటే, "వీడి కిడ్నీ పరీక్ష అయ్యేదాకా వద్దు. కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి, కొన్ని రకాల బీపీ మందులు వాడేవాళ్ళకి ఆ ఉప్పు ప్రమాదం" అంది. ఆఫీసు క్యాంటీన్లో చోలే భటూరే పక్కన పెట్టే అచారు సంగతి ఈయన చెప్పలేదు. నేను కనిపెట్టింది తరవాత.

"సరే, ఉప్పు తగ్గిస్తా. రోజూ పొద్దున అయిదున్నరకి సిటీ పార్కులో గంట నడుస్తా. ఇంకేం కావాలి నీకు?"

వదిన కిటికీ తెర తీసింది. ఎదురు బ్లాకు కనపడలేదు. వీధి దీపం చుట్టూ పసుపు ముద్ద. ఫోన్లో గాలి సూచీ 412.

"ఇందులోనా?"

ఇక్కడ మాత్రం ఇద్దరూ తప్పే, ఇద్దరూ ఒప్పే. బీపీ అనగానే ప్రపంచమంతా చెప్పే మొదటి సలహా, నడవండి. ఆ సలహా రాసినవాళ్ళ కిటికీలోంచి చెట్లు కనపడుతుంటాయి. ఇక్కడ దీపావళి నుంచి సంక్రాంతి దాకా చల్లగాలి కిందే పేరుకుని, తెల్లవారుజామున పొగ మరీ దట్టంగా ఉంటుంది. సరిగ్గా నడకవాళ్ళు బయల్దేరే వేళ. ఢిల్లీ నగరవాసుల్ని కొన్నేళ్ళు గమనించి 2020లో ప్రచురించిన అధ్యయనం ఒకటుంది. గాలిలో సన్న ధూళి పెరిగిన నెలల్లో వాళ్ళ పై అంకె పెరిగింది. ఏళ్ళ తరబడి పీల్చినవాళ్ళకి కొత్తగా బీపీ వచ్చే అవకాశమూ పెరిగింది. ఆ పని చేసినవాళ్ళలో పబ్లిక్ హెల్త్ ఫౌండేషన్ పరిశోధకులున్నారు. ఆ సంస్థకి మొదటి అధ్యక్షుడు ఉస్మానియాలో వైద్యం చదివి, ఎయిమ్స్ గుండె విభాగానికి అధిపతిగా చేసిన మన కె. శ్రీనాథ్ రెడ్డి గారే.

"అంటే నడిచినా బీపీ, నడవకపోయినా బీపీ. బావుంది మీ శాస్త్రం" అన్నారు ఈయన.

"నడక మానమన్లేదు. మధ్యాహ్నం ఎండ వచ్చి పొగ కాస్త పలచబడ్డాక నడువు. బాగా ఎక్కువున్న రోజు ఇంట్లోనే ఉండు. నీకు గోడకుర్చీ గుర్తుందా?"

గుర్తులేకపోవడమేమిటి! మా తరంలో బడికెళ్ళిన ఎవరి తొడలనైనా అడగండి. వీపు గోడకి ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టు మోకాళ్ళు వంచి గాల్లో కూచోవడం. ఈయనకి లెక్కల మాస్టారు రెండు రోజులకోసారి వేయించేవారట. 2023లో బ్రిటన్ పరిశోధకులు 270 పరీక్షల ఫలితాలు కలిపి, ఏ వ్యాయామం రక్తపోటుని ఎంత దించుతుందో పోల్చారు. నడక, పరుగు లాంటివి పై అంకెని సుమారు నాలుగున్నర దించితే, కదలకుండా కండరాన్ని బిగించి ఉంచేవి ఎనిమిది దాకా దించాయి. వాటిలో పై అంకె విషయంలో ముందున్నది ఈ గోడకుర్చీయే. రెండు నిమిషాల చొప్పున నాలుగుసార్లు, మధ్యలో విశ్రాంతి, వారానికి మూడు రోజులు. లెక్కల మాస్టారు బతికి ఉంటే ఎంత గర్వపడేవారో.

"శిక్షని వైద్యం అంటున్నావు" అన్నారు ఈయన.

"డాక్టరు సరేనన్నాకే మొదలెట్టు. నడక కూడా ఉండాలి, గుండెకి దాని లాభం దానిదే."

ఏడు రోజులయ్యాయి. 28 రీడింగులు. మొదటి రోజువి 4 తీసేస్తే 24. సగటు 137/87.

"రెండంటే రెండే పాయింట్లు! మిషను తప్పే మూడు దాకా ఉంటుందని దాని పుస్తకంలోనే రాసుంది."

"ఆ తప్పు పైకీ ఉండొచ్చు, కిందికీ ఉండొచ్చు. నీకు అనుకూలంగానే ఎందుకుంటుంది?"

క్వాలిటీ మనిషి దీనికి తల వంచక తప్పలేదు. డాక్టరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. ఆయన పట్టికని శ్రద్ధగా చూశాడు, చలి వివరాలతో సహా. ఈసీజీ, క్రియాటినిన్, పొటాషియం, మూత్రంలో ప్రోటీను, షుగరు, కొలెస్ట్రాలు రాశాడు. గురక పెడతారా అని నన్నడిగాడు. నేను దాచలేదు. నిద్రలో ఊపిరి ఆగి ఆగి వచ్చే జబ్బుకి బీపీతో చుట్టరికం ఉందట, దానికీ ఒక పరీక్ష పడింది. నొప్పి మాత్రలు ఆపించాడు. పరీక్షల్లో ఇంకేమీ తేలకపోతే మూడు నెలలు ఉప్పు, బరువు, వ్యాయామం మీద పని చెయ్యమన్నాడు. అప్పటికీ దిగకపోతే తండ్రి చరిత్ర ఉంది గనక చిన్న మోతాదులో మాత్ర. 180/120 దాటి ఛాతీ నొప్పి గానీ, మాట తడబాటు గానీ, ఒక పక్క తిమ్మిరి గానీ ఉంటే నిమిషం ఆగకుండా ఆసుపత్రికి రమ్మన్నాడు.

బయటికొచ్చాక ఇద్దరూ తామే గెలిచామన్నారు.

"మాత్ర వద్దన్నాడు, విన్నావుగా" అన్నారు ఈయన ఆటోలో. "ఒకసారి మొదలెడితే జీవితాంతం వదలదు."

"ఎవడన్నాడు వదలదని? బరువు తగ్గి బీపీ దిగితే డాక్టరే తగ్గిస్తాడు, కొందరికి ఆపేస్తాడు కూడా. చెప్పకుండా ఆపితే బీపీ మళ్ళీ లేస్తుంది, అది మందు అలవాటైపోవడం కాదు. అయినా నలభై దాటగానే కళ్ళజోడు పెట్టావు. అది జీవితాంతం అని ఏడ్చావా?"

"కళ్ళజోడు పెడితే కనపడుతుంది. మాత్ర వేసుకుంటే నాకేం కనపడుతుంది?"

పరీ చౌక్ దాటేదాకా దానికి వదిన ఏమీ అనలేదు. ఏమీ కనపడకపోవడమే దాని పని అని నాకు తోచింది గానీ, అక్కాతమ్ముళ్ళ మధ్య దూరడం ఇష్టంలేక ఊరుకున్నా.

పరీక్షలన్నీ బాగానే వచ్చాయి, షుగరు ఒక్కటి గీత అంచున ఉంది. గురక పరీక్షకి ఇంకా తారీఖు దొరకలేదు. గోడకుర్చీకి డాక్టరు ఫోన్లోనే సరేనన్నాడు. వదిన తిరుగు ప్రయాణం రేపనగా, హాల్లో బీరువా పక్క గోడ ఖాళీ చేశాం. ఈయన వీపు ఆనించి, మోకాళ్ళు వంచి దిగారు. మా చిన్నది ఫోన్లో గడియారం నొక్కింది. నలభై సెకన్లకి మొహం కందగడ్డయింది, పెదాలు బిగుసుకున్నాయి.

"ఊపిరి బిగబట్టకు! బిగబడితే బీపీ పైకి తంతుంది" అని అరిచింది వదిన. "మాట్లాడు. మాట్లాడుతుంటే ఊపిరి దానంతటదే ఆడుతుంది."

"వారమంతా... నోరు మూసుకోమన్నావు..."

"అది చూసుకునేటప్పుడు. ఇప్పుడు మాట్లాడు. ఏదన్నా అను, నాతో పోట్లాడు."

"2017లో... ఆ గీత దించింది... ముమ్మాటికీ తప్పక్కా..."

"ఎందుకు తప్పు? చెప్పు. ఇంకా అరవై సెకన్లుంది."